అన్నం భోంగా

బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయే రోడ్డు మీద బస్సు దిగి "జమునాబాయి ఎక్కడుంటది?" అని అడిగితే ఎవరైనా కాసేపు తల గోక్కునేవారు. "భోంగా జమున" అంటే మాత్రం మాట పూర్తికాకముందే రైసుమిల్లు వైపు చెయ్యి చూపించేవారు. ఆ చుట్టుపక్కల మిల్లు కూతను భోంగా అంటారు. ఆ కూత జమున చేతిలో ఉండేది.

మిల్లు రామబ్రహ్మంగారిది. కాల్వ నీళ్ళ కింద వరి పండించడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. ఉప్పుడు బియ్యం మిల్లు కనక బాయిలరు ఉండేది. ఆ బాయిలరు ఆవిరికి ఇత్తడి గొట్టం బిగించి, గొలుసు లాగితే కూసేలా చేయించారాయన. చేయించింది మిల్లు హమాలీల కోసమే. కానీ కూత ప్రహరీగోడ దగ్గర ఆగదు కదా! పొలాల మీదుగా వాగు దాకా, ఎదురుగాలి లేకపోతే అవతలి ఒడ్డు దాకా పోయేది. ఒంటిగంటకు భోంగా కూస్తే నాట్లు వేసే ఆడవాళ్ళు నడుములెత్తి, గట్టెక్కి, పల్లంలో ఉన్న వాగులోకి దిగి కాళ్ళూ చేతులూ కడుక్కుని అన్నం డబ్బాలు విప్పేవారు. వాగు ఒడ్డున తుమ్మచెట్ల నీడ ఉండేది. డబ్బాలు, నీళ్ళ సీసాలు, చీర ఉయ్యాలల్లో పసిపిల్లలు, అన్నీ అక్కడే. గడియారం కట్టుకుని బురదలో చెయ్యి పెట్టేవాళ్ళెవరు?

ఆ గొలుసు మొదట జమున మొగుడు రెడ్యాది. తండా నుంచి వచ్చి బాయిలరు దగ్గర ఊక ఎగదోసే పనికి కుదిరి, అక్కడే నెరిసినవాడు. తలకు ఎర్రని పాగా లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. భోంగా అందరూ లాగినట్టు లాగేవాడు కాదు. పొడుగ్గా లాగి, ఊపిరి పీల్చుకునేంత సేపు ఆపి, చివర చిన్న తోక తగిలించేవాడు.

"గా తోక ఎందుకు?" అని పెళ్ళయిన కొత్తలో అడిగింది జమున. అప్పట్లో ఆమె కూడా నాటు కూలీల్లో ఒకతె.

"పెద్ద కూత అందరికి. తోక నీకు" అన్నాడు.

"ఊరంతా వినేటట్టు పెండ్లాన్ని అన్నానికి పిలిచేటోడు నువ్వొక్కనివే" అని నవ్వింది గానీ, ఆ తర్వాత ఏ మడిలో ఉన్నా తోక వినేదాకా ఆమె నడుమెత్తేది కాదు.

రెడ్యా పోయిన రోజున భోంగా కూయలేదు. పొద్దు నడినెత్తి మీద నుంచి జారింది, నీడలు సాగాయి, ఆడవాళ్ళు ఇంకా వంగే ఉన్నారు. రెడ్యా చెల్లెలు భీమ్లి ఆ నాటు గుంపుకు పెద్ద. ఆమే ముందు తలెత్తింది. "ఏందే, మా అన్న ఇయ్యాల మనల్ని పస్తులు పెడుతుండా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే మిల్లు ట్రాక్టరు గట్టు మీదికి వచ్చింది. ఛాతీలో నొప్పి అన్నారు దవాఖానలో. గొలుసుకు చెయ్యి చాపుతూనే పడిపోయాడని హమాలీలు చెప్పారు.

దినాలయ్యాక రామబ్రహ్మంగారు జమునను పిలిపించారు. "ఆ గొలుసు పట్టడానికి మనిషి కావాలమ్మా. పరాయివాణ్ణి పెట్టబుద్ధి కావడం లేదు" అన్నారు. మొదటి రోజు ఆమె పొడుగ్గా ఒకసారి లాగి వదిలేసింది. అయిపోయిందనుకుంది. చెయ్యి మాత్రం గొలుసును వదల్లేదు. ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగి, చిన్న తోక తగిలించింది. కింద పొలంలో భీమ్లి గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఏడ్చాక, అన్నం తింది.

అప్పటి నుంచి జమునకు మిల్లులో ఎదురు లేదు. తడి వడ్లు తెచ్చి ఎండినవంటే, బండి దిగకముందే వెనక్కి పంపేది. హమాలీలు కల్లు తాగి వస్తే, "బాయిలర్ల వేసుడుకు ఊక తక్కువైంది, జర నువ్వు రా" అనేది. రామబ్రహ్మంగారు పోయి కొడుకు రాజేంద్రప్రసాద్ కుర్చీలో కూర్చున్నాక, కొత్త సేటుకు మిల్లు మర్యాదలు నేర్పింది కూడా ఆమే. ఒంటిగంటకు మాత్రం ఎవరు పిలిచినా పలికేది కాదు. ఆ వేళ ఆమె రెడ్యాతో ఉండేది.

ఆ రోజుల్లో దేశమంతా సైరన్ల మాట నడుస్తోంది. ఆపదొస్తే ఊరూరా ఒక్కటే మోత మోగాలని పెద్ద ఏర్పాటు మొదలైంది. యాసంగి నాట్ల వేళకు ఆ సైరన్ మిల్లు పక్కనున్న వాటర్ ట్యాంకు మీదికొచ్చింది. నాలుగు దిక్కులకు నాలుగు కొమ్ములు, కింద బ్యాటరీ పెట్టె, ఎండతో కరెంటు తీసే ఒక పలక. బిగించడానికి వచ్చిన అమ్మాయి పేరు సిరీష. కోటగిరి వైపు పిల్ల. ట్యాంకు మెట్లు కోతిలా ఎక్కుతుంది, హెల్మెట్ కింద జడ ముడేసుకుంటుంది, ఎండను లెక్కచేయదు. జమునకు చూడగానే నచ్చింది.

మొదటి పరీక్ష రోజు సిరీష మిల్లు డాబా ఎక్కింది, అక్కణ్ణుంచి పొలాలన్నీ కనిపిస్తాయని. జమున చాయ్ పట్టుకుని వెనకే పోయింది.

"గీ కొమ్ములెందుకు బిడ్డా నలుదిక్కుల మొకం పెట్టినయ్?"

"ఎవరు ఏ దిక్కున ఉన్నా వినబడాలి కదక్కా. నిజాంసాగర్ గేట్లెత్తితే మంజీర నిండుతుంది. మంజీర నిండితే మీ వాగు ఎదురు తంతుంది. మీకిక్కడ వాన చుక్క పడకపోయినా సరే, పైన మహారాష్ట్రలో పడితే చాలు. ఆఫీసులో బటన్ నొక్కితే ఇక్కడ మోగుతుంది. లేస్తూ పడుతూ మోగితే ఆపద, పైకి వచ్చెయ్యాలి. ఒకే తీరుగా మోగితే ఆపద పోయినట్టు."

"నా భోంగ కంటె ఎక్కువ కూస్తదా?"

"మీరే విని చెప్పండి" అని నవ్వి సిరీష ఫోన్లో ఎవరికో సరేనంది.

సైరన్ మొదట గొంతు సవరించుకున్నట్టు గురగురలాడింది. తర్వాత లేచింది. మిల్లు రేకులు అదిరాయి, పిట్టలు చెట్లు విడిచాయి. లేచింది, తగ్గింది, మళ్ళీ లేచింది. ఇంకా పదకొండు కాలేదు. తెల్లారకముందే మడిలో దిగిన ఆడవాళ్ళు అప్పటికే ఆకలి మీదున్నారు. ఒకరి తర్వాత ఒకరు నడుములెత్తారు.

"కదులుతున్నారక్కా!" సిరీష ఎగిరినంత పని చేసింది. "అందరూ గట్టెక్కుతున్నారు! ఫస్ట్ టెస్టుకే ఎక్కడా ఇట్లా కదల్లేదు!"

జమునకు ఆ నడక తెలుసు. ఆపద నుంచి పారిపోయేవాళ్ళు కొంగులతో చేతులు తుడుచుకుంటూ నడవరు.

"అటెందుకు పోతున్నారు?" సిరీష గొంతు మారింది. "ఇటు కదా పైకి... అక్కా, వాళ్ళు వాగులోకి దిగుతున్నారు!"

ఇద్దరూ పరుగున వాగు దగ్గరికి పోయేసరికి డబ్బాల మూతలు తెరిచి ఉన్నాయి. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు. భీమ్లి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది.

"ఏందమ్మా ఇది? ఎందుకొచ్చారు ఇటు?" సిరీష రొప్పుతూ అడిగింది.

"ఎందుకేంది మేడం, ఆకలికి. భోంగా కూసింది, తింటున్నం."

"అది భోంగా కాదు! వాగులోకి నీళ్ళొస్తున్నాయని చెప్పే సైరన్!"

భీమ్లి వాగు వైపు చూసింది. యాసంగి వాగు, మోకాటి లోతు నీళ్ళు, నీళ్ళ మీద నిద్రపోతున్న ఎండ. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, "సరె మేడం. నీళ్ళొచ్చినంక లేపు" అంది. గుంపంతా గొల్లుమంది. "మా వదినె ఇయ్యాల తొందరగ కూసింది, మంచిగనే చేసింది అనుకున్నం. తోక పెట్టుడు మర్చినట్టుందని కూడ అనుకున్నం."

జమున కూడా నవ్వింది. సిరీష నవ్వలేదు.

సాయంత్రం మిల్లు ఆఫీసులో ముగ్గురూ కూర్చున్నారు. సిరీష చుట్టూ తిప్పకుండా అడిగేసింది. "దేశమంతా ఒకే మోత అండీ, దాన్ని మార్చలేం. ఈ ఊళ్ళో నేర్చుకున్న మనిషి బతుకుదెరువుకు భీవండి పోయినా పనికి రావాలి. మిల్లు కూత ఆపగలరా?"

రాజేంద్రప్రసాద్ గడ్డం నిమురుకున్నాడు. "మిల్లు నాదేగానీ, కూత నాది కాదండీ. అది మా నాన్నగారు జమునమ్మకిచ్చారు. ఆవిణ్ణే అడగండి."

"నేను ఆపను" అంది జమున, అడగకముందే. "బిడ్డా, నీ సైరను ఏ నాలుగేండ్లకో ఒకపారి కూస్తది. నా భోంగ రోజూ కూస్తది, రోజూ అన్నం పెడుతది. రెంట్ల ఏది ఆగాలె నువ్వే చెప్పు. ఆడోళ్ళు ఎర్రోళ్ళు కాదు, నేర్పితే నేర్చుకుంటరు."

సిరీష వాదించలేదు. జమున మాటలో న్యాయం కూడా ఉంది. మర్నాటి నుంచి సాయంత్రాలు జమునను వెంటబెట్టుకుని తండాకు పోయి కూర్చుంది. ఫోన్లో రెండు మోతలూ వినిపించి, ఏది దేనికో అడిగింది. ఎత్తు మీదున్న మిల్లుకే అందరూ రావాలని దారి నడిపించి చూపించింది. భీమ్లి అందరికన్నా ముందు నేర్చుకుంది. లేస్తూ పడుతూ అంటే మిల్లుకు ఉరుకుడు, ఒకే తీరు అంటే ఇంటికి పోవుడు. నోటితో ఆ మోత తీసి చిన్నపిల్లల్ని జడిపించడం కూడా మొదలుపెట్టింది. జమున గర్వంగా చూసింది. అంతా వచ్చింది కదా, ఇక భోంగా జోలికి ఎవరూ రారు.

రెండో పరీక్ష ఎప్పుడో ఎవరికీ చెప్పలేదు. ఆ పూట జమున బాయిలరు దగ్గర ఉంది. ఊక పారతో ఎగదోస్తూ, హమాలీ సక్రిని ఏదో తిడుతూ ఉంది. సైరన్ లేచింది. తగ్గింది. మళ్ళీ లేచింది.

తను ఏం చేస్తోందో తెలిసేసరికి జమున కుళాయి దగ్గర కూర్చుని ఉంది. చేతులు కడిగేసి ఉన్నాయి. కొంగుతో తుడిచేసి ఉన్నాయి. అన్నం డబ్బా మూత ఎడమచేతిలో, డబ్బా ఒళ్ళో ఉంది. పక్కన సక్రి కూడా ముఖం కడుక్కుంటోంది.

ఆమె మూత వైపు చూసుకుంది. సిరీష పక్కన కూర్చుని అందరికన్నా ఎక్కువసార్లు ఆ మోత విన్నది తనే. తండాలో ఆడవాళ్ళకు ఆమెతో కలిసి నేర్పిందీ తనే. ఆమె బుర్రకు అంతా తెలుసు, చేతులకు తెలియలేదు. భోంగా లాగే చేతులే అన్నం డబ్బా విప్పాయంటే, దూరాన మడిలో తల వంచుకుని, చెవుల దాకా కొంగు చుట్టుకుని, నడుము నొప్పితో ఉన్నవాళ్ళ మాటేమిటి? డాబా మీదికి పోయి చూడనక్కర్లేకపోయింది. అయినా ఎక్కి చూసింది. కొందరు మిల్లు వైపు నడుస్తున్నారు. కొందరు వాగు వైపు. భీమ్లి గట్టు మీద నిలబడి ఇటో అటో తేలక అరుస్తోంది.

ఆ రోజు ఒంటిగంటకు జమున గొలుసు పట్టుకుంది. పొడుగ్గా లాగింది. ఎప్పటికన్నా పొడుగ్గా. ఆగింది. చివర తోక తగిలించి, అది గాలిలో పూర్తిగా కరిగేదాకా గొలుసు పట్టుకునే ఉంది. తర్వాత స్టూలు ఎక్కి, పానాతో బోల్టు విప్పి, గొలుసు కిందికి దించింది.

రాజేంద్రప్రసాద్ గుమ్మంలో నిలబడ్డాడు. "తొందరేం లేదు జమునమ్మా. రెండ్రోజులు ఆలోచించుకోకూడదూ?"

"ఆలోచిస్తే ఇప్పను సేటూ" అంది. ఎవరి సాయం తీసుకోలేదు.

మర్నాడు అన్నం వేళ దాటాక భీమ్లి బురద కాళ్ళతో మిల్లులోకి వచ్చింది. ఆమె వెనక గేటు దాకా వచ్చిన ఆడవాళ్ళు లోపలికి రాలేదు.

"ఏది భోంగా?"

"తీసేసిన."

"ఎవర్నడిగి? మా అన్న పోయిననాడు కూయలే, మళ్ళ ఇయ్యాల కూయలే. ఒక్క మనిషిని రెండుసార్లు చంపుతరా వదినె?"

జమున చేతిలోని పార కింద పెట్టింది. "మీ అన్న మనల్ని అన్నానికి పిలిచిండు. నీళ్ళలకు పిలువలే. నిన్న సైరన్ కూస్తె నేను డబ్బా ఇప్పిన, భీమ్లీ. నేనే! నువ్వు ఏ దిక్కు పోవాల్నో తెల్వక గట్టు మీద ఒర్రుడు సూడలేదనుకున్నవా?"

"మరి అన్నం ఎట్ల తెలువాలె? ఫోను బురదల నాటుకోనా?" అంది భీమ్లి. ఏడుపు రాకుండా ఉండటానికి వేసిన జోకు అది. సగమే నిలిచింది.

"రేపు మిల్లు దిక్కు సూడు" అంది జమున.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచింది. రెడ్యా పాగా మడతలు అతని తల ఆకారాన్ని ఇంకా మరిచిపోలేదు. మడతలు విప్పుతుంటే ఊక వాసన వేసింది. విప్పింది. గది ఈ మూల నుంచి ఆ మూలకు సాగేంత పొడుగు. డాబా మీద ఇనుప గొట్టం పాతించి, గిలక కట్టించి, తాడు ఎక్కించడానికి సిరీష పొద్దున్నే వచ్చి సాయం చేసింది. ఒంటిగంటకు ఎర్రని గుడ్డ ఆకాశంలోకి లేచింది. చదునైన వరిమళ్ళ మీద అది మైలు దూరానికి కనిపించింది. మడిలో ఎవరో "అగ్గో, ఎర్ర బట్ట!" అన్నారు. భీమ్లి తల ఎత్తి చూసి, ఆ రోజు ఎవరితోనూ మాట్లాడకుండా అన్నం తింది. మర్నాడు మాత్రం మిల్లు ముందు నుంచి పోతూ కేకేసింది. "ఓ వదినె! మా అన్న ఇప్పుడు మంచిగ కనిపిస్తుండు. ముందు ఒట్టి గొంతే ఉండె!"

వానాకాలం నాట్లు వచ్చాయి. సిరీష అప్పటికి పెద్ద కొడప్‌గల్‌లో ఇంకో ట్యాంకెక్కింది. ఆ రోజు ఇక్కడ ఎండ కాస్తోంది. తెల్ల మబ్బులు, పలచని గాలి, ఆపదకు తగిన రోజే కాదు. జమున డాబా ఎక్కి, తాడుకు పాగా కొస కట్టి లాగడం మొదలుపెట్టింది. గుడ్డ సగం లేచింది.

సైరన్ మోగింది.

లేచింది, తగ్గింది, లేచింది. ఒక్క క్షణం ఆమె చేతులు తాడును పైకే లాగాయి. కింద మళ్ళలో నడుములు లేవడం కనిపించింది. ముఖాలన్నీ మిల్లు వైపు తిరిగాయి. ఎర్ర గుడ్డ వైపు.

"వద్దు!" అని అరిచింది జమున, ఎవరికి అరిచిందో తెలియకుండా. తాడు మొత్తం వదిలేసింది. గిలక గిరగిరా తిరిగింది. పాగా ఆమె తల మీద, భుజాల మీద కుప్పగా పడింది. దాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకుని, కనిపించకుండా డాబా గోడ కింద కూర్చుండిపోయింది. లేచి చూడటానికి ధైర్యం చాలలేదు. సైరన్ తలపై నుంచి పోతూనే ఉంది. వాళ్ళు ఏ దిక్కు నడుస్తున్నారో ఈ మోతలో వినపడదు. వాగు వైపు పోతే, ఇప్పుడు తను చేయగలిగింది ఏమీ లేదు.

ముందు ఒక పసిపిల్ల ఏడుపు వినిపించింది. అది గేటు దగ్గర నుంచి. తర్వాత బురద కాళ్ళ చప్పుడు. తర్వాత, అన్నిటికన్నా గట్టిగా, భీమ్లి గొంతు. "నడువుండ్రి! నడువుండ్రి! మల్లి, పోరిని పట్టుకో! సోనీ, డబ్బా లేకపోతె చావవు, నడువు!"

జమున లేచి నిలబడింది. మిల్లు దారంతా చీరల రంగులతో నిండిపోయి ఉంది. అందరూ పైకే వస్తున్నారు. వాళ్ళ వెనక, ఇంకా దూరంగా, వాగు వెడల్పయింది. చప్పుడు లేకుండా వచ్చింది నీరు. తుమ్మచెట్ల మొదళ్ళు ముందు మునిగాయి, తర్వాత ఉయ్యాలలు కట్టిన కొమ్మలు. చెట్టుకు తగిలించిన సంచి ఒకటి ఊడి, నీళ్ళ మీద తిరుగుతూ పోయింది. జమున కిందికి వచ్చేసరికి భీమ్లి తన గుంపును ముఖముఖం చూసుకుంటోంది. అందరూ ఉన్నారు.

"ఎట్ల తెలిసింది?" జమున అడిగింది. పాగా ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది.

"నిజం జెప్పాల్నా? సైరన్ ఇనంగనె కాళ్ళు వాగు దిక్కే తిరిగినయి. టైము గూడ గదే గదా." భీమ్లి ముఖం మీది బురద మోచేత్తో తుడుచుకుంది. "మల్ల మిల్లు దిక్కు చూసిన. బట్ట సగం లేసి, ధబ్బున పడ్డది. మా అన్న ఇయ్యాల అన్నానికి పిలుస్తలేడు, రమ్మంటుండు అనుకున్న. ఉయ్యాలల్ల పోరగాండ్లను మాత్రం ఎత్తుకొని ఉరికినం."

జమున ఆడబిడ్డ బురద చెయ్యి పట్టుకుంది.

"గది సరే గని వదినె, మా డబ్బాలన్నీ మంజీర తింటున్నది. ఇంతమందికి నీ ఒక్క డబ్బా ఏం సరిపోతది?"

"బియ్యం మిల్లులో నిలబడి అన్నానికి ఏడుస్తారేంటమ్మా!" అని రాజేంద్రప్రసాద్ అప్పటికే గుమస్తాను గిన్నెల కోసం తరుముతున్నాడు. పొయ్యి వెలిగింది. సక్రి పప్పు కడిగింది. ఆడవాళ్ళు వడ్ల బస్తాల మీద కూర్చుని పిల్లల్ని అదుముకున్నారు, వాగును చూశారు, ఒకరినొకరు గిల్లుకున్నారు. మాటలు మెల్లగా వచ్చాయి, తర్వాత నవ్వులు వచ్చాయి.

అన్నం దించేసరికి పొద్దు వాలుతోంది. జమున లేచి డాబా మెట్ల వైపు నడిచింది, భుజం మీద పాగాతో.

"ఎవరికోసం ఎక్కిస్తున్నవ్ వదినె?" కింది నుంచి భీమ్లి కేకేసింది. "అందరం ఈడనే ఉన్నం!"

"మీకోసం కాదే" అంది జమున వెనక్కి తిరగకుండా. "మీ అన్నకు ఇంక అన్నం టైమని చెప్పలే గదా!"

గిలక కిర్రుమంది. ఎర్రని పాగా మొత్తం పైదాకా లేచి, నీళ్ళ మీది నుంచి వచ్చే గాలికి విచ్చుకుంది.